సమస్యాపూరణం: నడుమ ఖాళి యున్న నడుచు బండి

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం:

నడుమ ఖాళి యున్న నడుచు బండి

ఇచ్చింది రేణిగుంట రోడ్డులో షెడ్డు నడిపే మన మెకానిక్ అన్న. టిప్పరుకు ఇంజన్ మారుస్తూ పక్కనున్న కుర్రాడితో అన్న మాట ఇది. గణాలకు సరిపడేలా కాస్త సర్దాను, అంతే. ఏ బండి మీదైనా రాయండి, తర్కం మాత్రం నిలబడాలి. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. యతి నాలుగో గణం మొదటి అక్షరానికి. అరసున్నలు పెట్టకపోయినా ఎవరూ కోప్పడరు.

చంద్రగిరి సభ్యుడు:

కొండ దారిలోన గొంత దూరము నుంచి
ముందు బస్సు వంపు ముగియు దాక
ఆగి సాగు వాని కడ్డేమి యుండదు
నడుమ ఖాళి యున్న నడుచు బండి

తిరుచానూరు మాస్టారు: పద్యం సాఫీగా పోతోంది నాయనా. మూడో పాదంలో ‘ఆగి – అడ్డేమి’ స్వరయతి చెల్లింది. ‘దూరము నుంచి’ దగ్గరే చిన్న పేచీ. దూరాన్ని ఉంచి అని నీ ఉద్దేశం, దూరం నుంచి అని చదివేవాడికి తోస్తుంది.

మెకానిక్ అన్న: ఎక్కేటప్పుడా దిగేటప్పుడా అన్నది కూడా చెప్పుంటే బాగుండేది సామీ. 1944లో తెరిచిన తిరుమల పాత ఘాటు ఇప్పుడు దిగడానికే కదా. బ్రేకు వేడెక్కేది అక్కడే, ఆ దూరం అసలు విలువ తెలిసేదీ అక్కడే.

చిత్తూరు అక్క:

సందు లేని బస్సు సరుకు మూటలతోడ
గదల లేక నిల్చె గాణిపాక
దారిలోన, “దిగుడు దయచేసి కొందరు,
నడుమ ఖాళి యున్న నడుచు బండి”

మాస్టారు: శభాష్ తల్లీ! సమస్యను కండక్టరు నోట పెట్టేశావు, ఇక ఎవరూ అడ్డు చెప్పలేరు. ‘గాణిపాక దారిలోన’ అని పాదం విరిచి తర్వాతి పాదంలోకి దూకిన తీరు నాకు బాగా నచ్చింది. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు, కాస్త బాధగానే ఉంది.

పుత్తూరు కుర్రాడు:

ప్లగ్గు మొనల మధ్య గోటి మందము చాలు
నిప్పు రవ్వ పుట్టు నిమిషమందు
అంటుకున్నదేని యక్కడే యాగును
నడుమ ఖాళి యున్న నడుచు బండి

మాస్టారు: ఊహ కొత్తగా ఉంది. కానీ మొదటి పాదంలో యతి తప్పింది, ‘ప్ల’కు ‘గో’ ఎక్కడ పొసుగుతుంది? ‘ప్లగ్గు మొనల మధ్య బల్చని గోరంత’ అని మార్చు, గణమూ కుదురుతుంది, యతీ కుదురుతుంది.

మెకానిక్ అన్న: తమ్ముడూ, స్కూటరుకైతే సరే. డీజిల్ లారీకి ఆ ప్లగ్గు యాడుంది? దాంట్లో గాలిని నొక్కిన వేడికే డీజిల్ అంటుకుంటుంది. పద్యంలో బండి ఏదో చెప్పెయ్, గొడవుండదు.

మెకానిక్ అన్న: సమస్య నాదే కాబట్టి నా పూరణం కూడా పెడతా ఉండా.

మూడు పళ్లు గలిసి మూలమునకు దిగి
చేత దిప్పినంత జిక్కు లేక
తిరుగుచున్న యెడల దీరుగా బోల్టెయ్య
నడుమ ఖాళి యున్న నడుచు బండి

మాస్టారు: ఛందస్సుకు ఢోకా లేదు, అర్థానికే ఉంది. ఏం దిగింది? దేన్ని చేత్తో తిప్పాలి? కర్త ఎక్కడయ్యా? పైగా నడుమ అంటే ఏ నడుమ? నేను బండి తోలేవాణ్ని కూడా కాదు, నాకు అర్థమయ్యేలా చెప్పు.

మెకానిక్ అన్న: సరే మాస్టారూ. వచ్చింది గ్రానైటు క్వారీకి తిరిగే టిప్పరు, ఆటోమేటిక్ గేర్‌బాక్సు బండి. మన వైపు లారీలు ఎక్కువ భాగం క్లచ్చువే కాబట్టి మా కుర్రాళ్లకు టార్క్ కన్వర్టరు కొత్త. ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య గుండ్రంగా ఉంటుంది, నిండా నూనె. ఇంజన్ తిప్పుడును ఆ నూనే అవతలికి అందిస్తుంది. పాత ఇంజన్ దించి వేరే ఇంజన్ కూర్చోబెట్టినారు. గేర్‌బాక్సును జాకీ మీద తెచ్చి ఆనిస్తే దాని ముందుండే గంట ఆకారపు తొడుగు, అదే బెల్ హౌసింగ్, ఇంజన్‌కు అంటలేదు, చుట్టూ వేలు దూరేంత సందు. కుర్రాడు నాలుగు పొడుగు బోల్టులు తెచ్చి “లాగేద్దాం అన్నా, అదే కూర్చుంటుంది” అన్నాడు. పానా కింద పెట్టమన్నా.

ఆ సందు చూస్తేనే తెలుస్తుంది, కన్వర్టరు పూర్తిగా దిగలేదని. దానికి మూడు చోట్ల పట్టు కుదరాలి. లోపలి టర్బైను (నూనె తోపుకు తిరిగే రెక్కల చక్రం) పళ్లు గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు మీద, స్టేటర్ (నూనె దారి మళ్లించే చక్రం) పళ్లు దాని గొట్టం మీద, కన్వర్టరు మెడ మీది గాడి ఆయిల్ పంపులో. మొదటి రెండూ కుదిరితే అయిపోయిందనుకుంటారు. పంపు గాడి పడకుండా బోల్టులతో లాగితే పంపు గేరు పగులుతుంది, అంతటితో గేర్‌బాక్సు మళ్లీ కిందికే. నెట్టకూడదు. బరువు చేతి మీద మోస్తా మెల్లగా తిప్పాలి. ఒక్కో పట్టు కుదిరినప్పుడు టక్కుమని కొంచెం లోపలికి పోతుంది. మూడో టక్కు వచ్చినాక బెల్ హౌసింగ్ అంచు మీద స్కేలు అడ్డం పెట్టి కన్వర్టరు బోల్టు చెవులు ఎంత లోపల ఉన్నాయో కొలవాలి. మావాడు రెండు టక్కులకే ఆపేసినాడు.

ఇంకొకటి. అంతా కుదిరినాక గేర్‌బాక్సును పైకెత్తేటప్పుడు వాలినా కన్వర్టరు ముందుకు జారుతుంది. అందుకే బెల్ హౌసింగ్‌కు అడ్డంగా పట్టీ కట్టి ఎత్తాలి. కన్వర్టరు లోపల ఒక లీటరు దాకా ఆటోమేటిక్ గేర్‌బాక్సు నూనె, దాన్ని ఎక్కించక ముందే పోసుకోవాలి, లేకుంటే మొదటిసారి స్టార్టు చేసినప్పుడు పంపు ఎండి తిరుగుతుంది.

ఇప్పుడు మీరడిగిన నడుమ. బెల్ హౌసింగ్ ఇంజన్‌కు చేత్తోనే అంటుకోవాలి, అక్కడ సందు ఉండకూడదు. అది అంటినాక కన్వర్టరు చేత్తో తేలిగ్గా తిరగాలి. ఇంజన్ వైపు ఉండే పలుచటి పళ్లెం, అదే ఫ్లెక్స్ ప్లేటుకూ, కన్వర్టరు చెవులకూ మధ్య కొంచెం ఖాళీ ఉండాలి. చాలా బండ్లలో అది 3 నుంచి 5 మిల్లీమీటర్లు, కచ్చితమైన లెక్క ఆ గేర్‌బాక్సు పుస్తకంలో చూసుకోవాలి. కన్వర్టరును ముందుకు జరిపి ఆ ఖాళీ మూసి బోల్టు వేస్తాం. అప్పుడు మెడ పంపు మీద ఒరగకుండా దాంట్లోంచి కాస్త బయటికి వస్తుంది. వేడికి, నూనె ఒత్తిడికి కన్వర్టరు కొంచెం ఉబ్బినా చోటుంటుంది. ముందే ఖాళీ లేకుంటే ఆ తోపు అంతా పంపు మీదే. మా టిప్పరులో సందు ఉండకూడని చోట ఉండాది, ఉండాల్సిన చోట లేదు.

మాస్టారు: ఇంత సంగతి ఉన్నవాడివి పద్యంలో ‘మూలమునకు దిగి’ అని దాచేస్తావా? కన్వర్టరు అనే పేరు గురువు, గురువు, లఘువు, లఘువు. గణాల్లో ఇమడదని భయపడ్డట్టున్నావు. ‘కొత్త కన్’ రగణం, ‘వర్టరు’ భగణం. పాదం చివర పెట్టి చూడు.

మెకానిక్ అన్న:

కూరినంత దిగదు కొత్త కన్వర్టరు
మెల్ల దిప్పుచున్న మెట్టు మెట్టు
దిగును, దిగిన పిదప దీరుగా బోల్టెయ్య
నడుమ ఖాళి యున్న నడుచు బండి

మాస్టారు: ఇదీ పూరణమంటే! మొదటి పాదంలో పేరు చెప్పావు, రెండో పాదంలో పని చెప్పావు. ‘మెట్టు మెట్టు దిగును’ అని పాదం దాటించావు చూడు, నువ్వు చెప్పిన టక్కులు వినబడ్డాయి. ‘బోల్టెయ్య’ పక్కన ‘నడుమ’ పడింది కాబట్టి ఏ నడుమో ఇక అడగక్కర్లేదు.

టెక్సాస్‌లో ఉంటున్న పలమనేరు తమ్ముడు: పద్యం రాదు, పని తెలుసు. ఇక్కడ పాత షెవర్లే పికప్పుల్లో పాతకాలపు ‘చిన్న బ్లాకు’ ఇంజన్ తీసి కొత్త తరం ఎల్‌ఎస్ ఇంజన్ వేసేవాళ్లు చాలామంది. ఎల్‌ఎస్ క్రాంకు (ఇంజన్ ఇరుసు) చివరి అంచు పాతదానికంటే 0.4 అంగుళం, అంటే దాదాపు 10 మిల్లీమీటర్లు ముందుకు ఉంటుంది. మొదట్లో వచ్చిన కొన్ని ట్రక్కు ఇంజన్లకు మాత్రం పొడుగు క్రాంకే. పాత గేర్‌బాక్సు అలాగే ఉంచి ఆ తేడా పూడ్చే స్పేసరు బిళ్ల వేయకపోతే ఖాళీ మరీ ఎక్కువై కన్వర్టరు ముక్కు క్రాంకు రంధ్రంలో సరిగ్గా కూర్చోదు, పంపులో పట్టు కూడా తగ్గుతుంది. కాబట్టి ఖాళీ ఉంటే చాలదు, హద్దులో ఉండాలి. బోల్టులు కూడా అన్నా! పొడుగువి వేస్తే కన్వర్టరు మూతను లోపలికి నొక్కేస్తాయి.

మెకానిక్ అన్న: బాగా గుర్తు చేసినావు తమ్ముడూ. ఇంజన్ మారిస్తే ముందు కొలవాల్సింది క్రాంకు చివరనే. మా టిప్పరులో ఆ తేడా లేదు, పంపు గాడి ఒక్కటే.

శ్రీకాళహస్తి సభ్యురాలు: మెకానిక్ అన్న మాట విన్నాక ఇది తోచింది.

ఎదుటి పంక గాలి కీ పంక తిరిగిన
రీతి నూనె తోయు రెక్కలుండ
ఇనుము నినుము నంట నేల? కన్వర్టరు
నడుమ ఖాళి యున్న నడుచు బండి

మాస్టారు: నా ఓటు దీనికే పడేలా ఉంది. మూడో పాదంలో ప్రశ్న వేసి నాలుగో పాదంతో జవాబు చెప్పించారు. ‘కన్వర్టరు నడుమ’ అని సమస్య మొదటి మాటను పై పాదానికి అతికించడం నేర్పరి పని.

మెకానిక్ అన్న: పద్యం బ్రహ్మాండం అక్కా. రెండు మాటలు మాత్రం చెప్పాల. ఆ నడుమ ఖాళీ కాదు, నిండా నూనె. ఇంకోటి, బండి వేగం అందుకున్నాక లాకప్ క్లచ్చు పడుతుంది. అప్పుడు రెండు వైపులూ కలిసి ఒకటిగా తిరుగుతాయి, నూనె జారుడు ఉండదు.

శ్రీకాళహస్తి సభ్యురాలు: నేను చెప్పింది బండి కదిలే క్షణం గురించి అన్నా. సిగ్నల్ దగ్గర గేర్లో పెట్టి బ్రేకు మీద నిలబెట్టినా ఇంజన్ ఆగిపోకుండా ఉండేది ఆ నూనె జారుడు వల్లేగా? లాకప్ పడేసరికి నా పద్యం అయిపోయి ఉంటుంది.

మెకానిక్ అన్న: ఒప్పుకున్నా.

ఈ వారం మొదటి స్థానం శ్రీకాళహస్తికే ఇస్తున్నాను. మెకానిక్ అన్న రెండో పూరణం దానికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. పనితనం చూస్తే ఆయనదే గట్టి పద్యం, సమస్యను విప్పిన చమత్కారం మాత్రం ఆమెది. చిత్తూరు అక్క బస్సు పద్యం పోటీ పక్కన పెట్టినా పదిమందికీ చదివి వినిపించదగ్గది.

వచ్చే వారం సమస్య చిత్తూరు అక్కే ఇస్తోంది, ఇదీ ఆటవెలదే:

చేయి వదలినపుడె చేతికందు

ఆదివారం రాత్రిలోగా పంపండి. ఒక్కొక్కరికి రెండు పద్యాలు మించొద్దు, సవరించినది ఆ లెక్కలోకి రాదు.