చిగుళ్ల వాపుకు క్లోర్‌హెక్సిడినా, లిస్టరినా, ఉప్పు నీళ్లా?

హన్మకొండ వాసి:
నెల రోజులుగా పండ్లు తోముకుంటే ఎర్రగా ఉమ్ము వస్తోంది. నిన్న సర్వపిండి కొరికితే ముక్క అంచుకు రక్తం అంటింది. నొప్పి లేదు. మెడికల్ షాపులో క్లోర్‌హెక్సిడిన్ అనే పుక్కిలించే మందు సీసా ఇచ్చారు, లిస్టరిన్ కూడా మంచిదే అన్నారు. అమ్మేమో ఉప్పు నీళ్లు చాలంటుంది. ఏది వాడాలి?

పరకాల పిల్లగాడు:
అమ్మ మాట వినన్నా. ఆ సీసా మందుతో నా పండ్లకు గోధుమ రంగు పట్టింది. మా నాయనమ్మ వేపపుల్లతోనే తోముకుని చివరిదాకా చెరుకు గడ నమిలింది.

కాజీపేట అక్క:
తమ్ముడూ, మరకల మాట నిజమే. నేను మూడు నెలలు ఆపకుండా వాడాను. కింది పండ్ల లోపలి వైపంతా చాయ్ గ్లాసు అడుగులా తయారైంది, పచ్చిపులుసు రుచే తెలియలేదు. కానీ అది వాడిన తీరులో తప్పు. 0.2 శాతం మందైతే 10 మిల్లీలీటర్లు, రోజుకు రెండుసార్లు, నిమిషం పుక్కిలించాలి, రెండు వారాలకు ఆపేయాలి. పేస్టులో నురగ తెప్పించే పదార్థం దాని బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి తోముకున్నాక అరగంట ఆగాలి. పుక్కిలించిన వెంటనే చాయ్ తాగితే మరకలు ఇంకా పడతాయి.

లిస్టరిన్‌లో ఉండేవి థైమాల్, యూకలిప్టాల్, మెంథాల్ వంటివి. ఎక్కువ రోజులు వాడుకోవచ్చు, మరకలూ తక్కువే. పాచి మీద మాత్రం క్లోర్‌హెక్సిడిన్ అంత గట్టిగా పనిచేయదు. మంట అనిపిస్తే ఆల్కహాల్ లేని రకం తీసుకో.

అయినా ఏ సీసా మీదా ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2017 సమీక్షలో 51 పరిశోధనలను చూసింది. బ్రష్‌కు తోడుగా క్లోర్‌హెక్సిడిన్ వాడితే తేలికపాటి వాపు 0 నుంచి 3 దాకా ఉండే కొలతలో తగ్గింది 0.21 మాత్రమే. 1965లో డెన్మార్క్‌లో కొందరు విద్యార్థుల చేత తోముకోవడం మాన్పిస్తే మూడు వారాల్లోపే అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ మొదలుపెట్టగానే తగ్గాయి, మౌత్‌వాష్ లేకుండానే.

పరకాల పిల్లగాడు:
అంటే ఉప్పు నీళ్లు దండగా అక్కా?

కాజీపేట అక్క:
కాదు, హాయిగా ఉంటుంది, చేసుకో. కానీ చిగురు అంచున పట్టిన పాచి పుక్కిలిస్తే పోదు, మెత్తని బ్రష్‌తో తీయాలి. గార కట్టిందంటే బ్రష్ కూడా చాలదు, డాక్టరే తీయాలి. అన్నా, నువ్వు క్లీనింగ్ చేయించుకుని ఎన్నాళ్లయింది?

హన్మకొండ వాసి:
ఒక్కసారీ చేయించలేదు. ఇప్పుడే అద్దంలో చూశాను, కింద ముందు పండ్ల వెనక పసుపు రంగులో గట్టిగా ఉంది, గోరుతో గీకినా రావడం లేదు. సీసా మూత ఇంకా తీయలేదు. ముందు డాక్టర్ దగ్గరికి పోతాను.