అప్‌డేట్: సైకిల్ తొక్కడానికి కళ్లద్దాలు తీసుకున్నాను

చీకటితో బయలుదేరి ఎండెక్కాక తిరిగొచ్చే నాకు ఎలాంటి కళ్లద్దాలు సరిపోతాయి, రోడ్డు, నీళ్ల మీది మెరుపును తగ్గించే పోలరైజ్డ్ అద్దం మంచిదేనా అని ఇక్కడ అడిగాను. ఓపికగా చెప్పిన అందరికీ కృతజ్ఞతలు.

వెలుతురును బట్టి రంగు మారే ఫోటోక్రోమిక్ అద్దాలు తీసుకున్నాను. పాలికార్బొనేట్‌వి కాబట్టి రాయి ఎగిరి తగిలినా తేలిగ్గా పగలవు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద తొక్కుతాను. సౌర ఫలకాల కప్పు కింద నీడ, బయటికి రాగానే ఎండ. రంగు త్వరగానే ముదురుతుంది కానీ తేటపడడానికి నిమిషాలు పడుతుంది. అందుకే చీకటి అండర్‌పాస్ ముందు వేగం తగ్గించాల్సిందే.

పోలరైజ్డ్ వద్దన్న సలహా బంగారం లాంటిది! దుకాణంలో పెట్టుకుని ఫోను పక్కకు తిప్పితే తెర నల్లబడిపోయింది. తడి రోడ్డు మీది మెరుపు కూడా అలాగే తగ్గిపోతే జారే చోటు ఎలా పసిగట్టాలి?

కొనేవారు రంగు కాదు, యూవీ 400 అని, అంటే హానికరమైన అతినీలలోహిత కిరణాలను ఆపుతుందని, రాసి ఉందో లేదో చూడండి. ఆ రక్షణ లేని నల్లటి అద్దం వెనుక కంటిపాప విచ్చుకుంటుంది, హానికర కిరణాలు లోపలికి ఎక్కువగా చేరతాయి. చెంపకూ అద్దానికీ మధ్య సందు లేకపోతే లారీల దుమ్ము బాధా తగ్గుతుంది.

వానలో అద్దాలకు ఆవిరి పట్టకుండా మీరేం చేస్తున్నారు?