అమ్మ పలికిందా, నేను మాట్లాడినానా? కొలుపుల తర్వాత నుంచి ఇదే ఆలోచన

అల్లూరు_అమ్మాయి:

అందరికీ నమస్తే. నెల రోజులుగా టైప్ చేస్తా డిలీట్ చేస్తా ఉండా, ఈరోజు పోస్ట్ చేసేస్తా. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మాది అల్లూరు పక్కన పల్లె. నేనుండేది నెల్లూరులో, సాఫ్ట్‌వేర్ పని, వారంలో మూడు రోజులు ఇంటి నుంచే. మా జేజి, అంటే మా నాయన వాళ్ళమ్మ, మా ఊరి పోలేరమ్మకి గణాచారి, అంటే అమ్మ ఒంటి మీదికి వచ్చి పలికేది ఆమె నోటే. ఆమె పోయి ఆరేళ్ళయింది, ఆ తర్వాత ఎవరి మీదికీ అమ్మ రాలేదు. ఈసారి కొలుపుల్లో, అంటే ఊరంతా కలిసి అమ్మకి చేసే జాతరలో, నాకొచ్చింది.

నేను పొంగలి దింపి పక్కకి నిలబడి ఉండా, అంతే. పంబ వాయించేవాళ్ళు దరువు మార్చినారు, ఆ దరువు చిన్నప్పుడు జేజి లేచే ముందు వినేదాన్ని, కాళ్ళ కింద పసుపునీళ్ళ బురద చల్లగా తగలడం గుర్తుంది, వేపాకు నలిగిన వాసన గుర్తుంది, ఆ తర్వాత ఏమీ గుర్తులేదు. తెలివొచ్చేసరికి మా అత్త ఒళ్ళో ఉండా, నోరు ఎండిపోయింది, అరచేతుల్లో నా గోళ్ళే దిగి నెత్తురు చుక్కలున్నాయి. ఊరు ఊరంతా నన్ను జూసే చూపు మారిపోయింది. మా నాయన కూడా నాకు దణ్ణం పెట్టినాడు, అది తట్టుకోలేకపోయినా.

అక్కడితో అయిపోయుంటే ఈ పోస్ట్ రాసేదాన్ని కాదు. శని ఆదివారాలు ఊరికి పోతే జనం ఇంటికి వస్తా ఉండారు, తమలపాకులు నిమ్మకాయ తెచ్చి కూచుంటారు. నేను కళ్ళు మూసుకుంటే ఏదో ఒకటి నోటికి వస్తుంది, కానీ ఇది కొలుపుల నాటి మాదిరి కాదు, నాకు తెలివి ఉంటుంది. మూడు వారాల కింద ఒకామె కూతురి సంబంధం గురించి అడిగితే "వద్దు, ఆ ఇంట్లో నీ బిడ్డ కన్నీళ్ళు కనపడతాండాయి" అని చెప్పినా. వాళ్ళు సంబంధం వదులుకున్నారు. ఆ రాత్రి పడుకుంటే అప్పుడు గుర్తొచ్చింది, ఆ పిల్లోడు తాగుతాడని అంతకుముందు వారమే మా అమ్మ ఫోన్‌లో ఎవరితోనో అంటుంటే నేను పక్క గదిలో విన్నా. మరి ఆ మాట పోలేరమ్మదా? నాదా? ఆ పిల్ల ఇంటి మీదుగా నడవాలంటే కాళ్ళు ఆడటం లేదు.

ఇంకోటి. నేను మూడేళ్ళుగా ధ్యానం చేస్తా ఉండా, దానివల్ల కోపం తగ్గింది, నిద్ర బాగుపడింది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఒకరు "మీకు పుట్టుకతోనే శక్తి ఉంది, ఆత్మలతో మాట్లాడే శిక్షణ ఇస్తాం, 21 రోజులు, 15 వేలు" అంటున్నారు, ఇదే ఆధ్యాత్మిక ఎదుగుదలలో తర్వాత మెట్టు అంటున్నారు. నిజంగా తర్వాత మెట్టేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఉదయగిరి_పెద్దమ్మ:

అమ్మాయ్, నీ పోస్ట్ రెండుసార్లు చదివినా తల్లీ. మా మేనమామ నలభై ఏళ్ళు గణాచారిగా ఉండినాడు, కాబట్టి పుస్తకంలో మాట కాదు, కళ్ళారా చూసింది చెప్తా.

మా మామకి అమ్మ ఒంటి మీదికి రావడానికి ఒక కట్టడి ఉండేది. కొలుపులకి తొమ్మిది రోజుల ముందు నుంచి ఒంటిపూట అన్నం, నేల పడక. గుడి ముందర, పంబ మోగేటప్పుడు, ఊరంతా చూస్తుండగానే పలకాల. ఇంట్లో కూచొని పలికింది నేను ఒక్కసారి కూడా చూడలా. అడిగేది ఎవరంటే వాళ్ళు కాదు, ఊరి పెద్దలు. వాళ్ళు అడిగేది కూడా వానలు పడతాయా, గొడ్లకి రోగం వస్తుందా, ఊర్లో తప్పు ఏం జరిగింది, ఇవే. ఫలానా వాడి పెళ్ళాం, ఫలానా పిల్ల పెళ్ళి, ఇట్టాంటి మాటలు ఎవురైనా ఎత్తితే పెద్దలే నోరు మూయించేవాళ్ళు.

కఠినమైన మాట ఏదైనా వస్తే ఊరుకునేవాళ్ళు కాదు, "నువ్వు అమ్మవేనా? రుజువు చూపించు" అని అరచేతిలో కర్పూరం వెలిగించేవాళ్ళు. అమ్మని కూడా ప్రశ్నించేవాళ్ళమ్మా అప్పట్లో! చీర పెడితే తీసుకునేవాడు, కుంభం అన్నం తీసుకునేవాడు, దుడ్డు ముట్టుకునేవాడు కాదు. తెల్లారితే మళ్ళీ కయ్యలోకి దిగి గెనాలు చెక్కేవాడు, ఎవురూ సామీ అని పిలిచేవాళ్ళు కాదు, ఒరే అనే పిలిచేవాళ్ళు.

ఇంటికొచ్చి చెప్పే దారి వేరే ఉండాది, అది సోది. ఎరుకలామె చేటలో బియ్యం, దుడ్డు పెట్టించుకుని, చెయ్యి పట్టుకుని చెప్పేది. పేరంటాలు, అంటే చనిపోయినాక దేవతగా కొలిచే ఆడమనిషి, ఇంటి ఆడపిల్ల మీదికి రావడం కూడా మా వైపు ఉండాది, అది ఆ ఇంటోళ్ళ మధ్యే ఉండిపోతుంది. దేనికుండే హద్దు దానికుండాది. నీకు వచ్చింది ఊరి అమ్మ, ఊరి మధ్యలో. దాన్ని ఆదివారం పూట నట్టింట్లోకి తెచ్చింది అమ్మ కాదు, జనం. నీకు మాత్రం అడ్డం చెప్పేవాళ్ళు ఎవురూ లేరు, అదే నాకు భయంగా ఉండాది. మీ జేజి ఉండుంటే ఆ తమలపాకులు తెచ్చినోళ్ళని గడప దాటనిచ్చేది కాదు.

ఒంగోలు_శీనన్న:

అమ్మా, 15 వేల శిక్షణ గురించి మాత్రం నేను చెప్తా, ఎందుకంటే మా ఇల్లు దీన్ని అనుభవించింది.

మా తమ్ముడు హైవే మీద బైక్ యాక్సిడెంట్‌లో పోయాడు. ఇరవై ఆరేళ్ళు. మా అమ్మ నాలుగు నెలలు నిద్రపోలేదు, రాత్రి రెండింటికి లేచి వాడి చెప్పులు తుడిచి మళ్ళీ గుమ్మం పక్కనే పెట్టేది. ఎవరో చెప్తే వీడియో కాల్‌లో ఆత్మల్ని పిలిచే ఆయన్ని పట్టుకున్నాం. మొదటిరోజు ఆయన "అమ్మా నాకు నొప్పి తెలియలేదు, వెంటనే అయిపోయింది" అని మా తమ్ముడి మాటగా చెప్పాడు. ఆ రాత్రి మా అమ్మ తెల్లారేదాకా నిద్రపోయింది. ఇది దాచను, ఆ ఒక్క రాత్రికి నేను ఇప్పటికీ ఆయనకి ఋణపడి ఉన్నా.

కానీ తర్వాత నెల నెలా మొదలైంది. పేరులో ర గానీ స గానీ ఉండే దగ్గరివాళ్ళు ఎవరైనా ఉన్నారా అంటాడు, మన తెలుగోళ్ళ ఇళ్ళలో ర గానీ స గానీ లేని పేరు ఎక్కడుంటుంది చెప్పండి, మా అమ్మే ఏడుస్తా అన్నీ అందించేది, ఆయన దాన్నే తిప్పి చెప్పేవాడు. ఒకసారి వాడి పుట్టినరోజు కేకు మీద ఏం రాసుందో చెప్పాడు, మా అమ్మ నమ్మేసింది, నేను వెతికితే ఆ ఫోటో వాడి ఫేస్‌బుక్‌లోనే అందరికీ కనపడేలా ఉంది. చివరికి "తమ్ముడు బాధలో ఉన్నాడు, శాంతి చెయ్యాలి" అని పెద్ద మొత్తం అడిగినప్పుడు నేను అడ్డం తిరిగా. మా అమ్మ నాతో రెండు నెలలు మాట్లాడలేదు.

ఆ కోపంలో ఈ చరిత్రంతా చదివా. అమెరికాలో 1848లో హైడ్స్‌విల్ అనే చోట ఫాక్స్ అక్కచెల్లెళ్ళు ఆత్మలు తలుపు కొట్టినట్టు శబ్దాలతో జవాబిస్తున్నాయన్నారు, దాంతోనే ఈ ఆత్మలతో మాట్లాడే ఉద్యమం దేశదేశాలకీ పాకింది. వాళ్ళలో మార్గరెట్ 1888లో న్యూయార్క్‌లో స్టేజీ మీద, ఆ శబ్దం కాలివేళ్ళ కీళ్ళతో మేమే చేశాం అని జనం ముందు ఒప్పుకుంది, మరుసటి ఏడాదే ఆ మాట వెనక్కి తీసుకుంది. ఒప్పుకున్న తర్వాత కూడా జనం మానలేదమ్మా. పోయినవాళ్ళ గొంతు ఇంకోసారి వినాలనే ఆశ అంత గట్టిది. ఆ ఆశ మీద డబ్బు కట్టించుకునేవాళ్ళ దగ్గరికి నువ్వు శిష్యురాలిగా పోవద్దు. మా అమ్మలాంటి వాళ్ళే రేపు నీ ఎదురుగా కూర్చుంటారు.

సైన్స్_మాస్టారు:

నమ్మకాల సంగతి పక్కన పెడతాను. ఆ పిల్ల పెళ్ళి సంబంధం విషయం మాత్రం తేల్చండి. మీరు విన్నది అమ్మవారి మాటగా వాళ్ళకి చేరింది. వాళ్ళు నిజం తెలుసుకుని నిర్ణయం తీసుకునే హక్కు పోయింది. వాళ్ళింటికి వెళ్ళి చెప్పండి, ఆలస్యం చెయ్యొద్దు.

నర్సక్క_నెల్లూరు:

నేను మానసిక వైద్య విభాగంలో పదకొండేళ్ళుగా నర్సుగా పనిచేస్తున్నాను, ఈ జిల్లాలోనే. ముందు ఒక మాట చెల్లీ, కొలుపుల్లో పూనకం వచ్చినంత మాత్రాన నీకు జబ్బు ఉందని ఎవరన్నా అంటే నమ్మకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా 2022 నుంచి కొత్తది అమల్లో ఉంది, అందులో పూనకానికి సంబంధించిన జబ్బు ఒకటి ఉంది, కానీ ఆ జబ్బు అనాలంటే అది మన ఇష్టం లేకుండా రావాలి, మన సంప్రదాయం, మతం ఒప్పుకున్న సందర్భంలోది కాకూడదు, దానివల్ల మనిషి బాధపడాలి లేదా రోజువారీ పని చెడిపోవాలి. గుడి ముందు, పంబ మధ్యలో వచ్చి అక్కడే పోయింది అందులోకి రాదు.

మరి నేను కనిపెట్టి చూడమనేది ఏంటంటే, ఆఫీసు మీటింగ్‌లో ఉన్నప్పుడో బండి నడిపేటప్పుడో వస్తుందా, మధ్యలో టైమ్ ఎంత పోయిందో తెలియకుండా ఉంటుందా, ఒక్కదానివే ఉన్నప్పుడు గొంతు వినిపించి ఇది చెయ్ అది చెయ్ అంటుందా, రెండు మూడు రాత్రులు నిద్ర లేకపోయినా అలసట తెలియడం లేదా. వీటిల్లో ఒక్కటి ఉన్నా డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. అరిచేతుల్లో గాయం అన్నావు, ఒళ్ళు బిగుసుకుపోయి నాలుక కరుచుకోవడం లాంటిది జరిగిందేమో చూసినవాళ్ళని అడుగు, ఫిట్స్ కూడా ఒక్కోసారి ఇట్లానే కనపడతాయి. 14416కి ఫోన్ చెయ్యొచ్చు, టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబర్‌లో మొదలైంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఏఎస్ పేట దర్గా, కసుమూరు దర్గా, ఈ రెండు చోట్ల నుంచి మా దగ్గరికి ఎంతమంది వస్తారో. దర్గాకి పోవద్దని నేను ఎవరికీ చెప్పను, అక్కడ పడుకుంటే వాళ్ళకి ధైర్యం వస్తుంది, ధైర్యం కూడా కావాల్సిందే. మాత్ర మానొద్దని మాత్రం చేతులు పట్టుకుని చెప్తా. తమిళనాడు ఏర్వాడి దర్గా దగ్గర 2001 ఆగస్టులో గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు పాకకి నిప్పంటుకుని చనిపోయారు, పారిపోవడానికి కూడా లేకుండా. ఇప్పుడు 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం జబ్బు మనిషిని గొలుసుతో కట్టడమే నేరం. ఇదెందుకు చెప్తున్నా అంటే, రేపు నీ దగ్గరికి అలాంటి బిడ్డని ఎవరో తీసుకొస్తారు, తప్పకుండా తీసుకొస్తారు, అప్పుడు నీ నోట "దయ్యం" అనే మాట వస్తే ఆ బిడ్డకి మందు అందడం రెండేళ్ళు వెనక్కి పోతుంది.

శీనన్నా, మీ అమ్మగారిది దుఃఖమే, జబ్బు కాదు. కానీ ఆరు నెలలు దాటినా అదే తీవ్రతతో ఉంటే దానికీ సాయం ఉంది, ఇప్పటికైనా ఒకసారి తీసుకురండి.

పెన్నాతీరం:

తర్వాత మెట్టేనా అని అడిగావు చూడు, దానికి ఎవరూ జవాబు చెప్పలేదు, అందుకే రాస్తున్నా.

పతంజలి యోగసూత్రాల్లో మూడో పాదంలో ఎక్కువ భాగం సిద్ధుల గురించే, అంటే సాధనతో వచ్చే శక్తుల గురించే ఉంటుంది, అంతా చెప్పుకుంటూ వచ్చి మధ్యలో ఒక చిన్న సూత్రం పెట్టాడు, "తే సమాధావుపసర్గా వ్యుత్థానే సిద్ధయః", బయటి లోకానికి అవి సిద్ధులు, సమాధికి మాత్రం అడ్డంకులు అని. అరుణాచలంలో రమణులు కూడా సిద్ధుల వెంట పడొద్దనే చెప్పేవారు, ముందు నువ్వెవరో చూసుకో అనేవారు.

మన ఊరికి సంబంధించిన ముచ్చట ఒకటి. దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) పెట్టిన బ్లావట్‌స్కీ, ఓల్కాట్ 1882లో మద్రాసు నుంచి బకింగ్‌హాం కాలవ మీద పడవలో నెల్లూరు వచ్చారు, అక్కడి నుంచి గుంటూరు దాకా పోయారు. ఆ బ్లావట్‌స్కీ అద్భుతాలు చేస్తుందనే పేరున్న మనిషే, అయినా మీడియంల గురించి ఆమె అభిప్రాయం వేరు, తన సంకల్పాన్ని వదిలేసి ఇంకొకరికి ఒళ్ళు అప్పగించడం ఎదుగుదల కాదు, సంకల్పాన్ని గట్టి చేసుకోవడమే సాధన అంటుంది. ఆమె చెప్పిన మిగతావన్నీ నేను ఒప్పుకోను, ఇది మాత్రం ఒప్పుకుంటా.

నా లెక్కలో నీ మూడేళ్ళ ధ్యానం పూనకంలో కనపడలేదు, ఆ రాత్రి కనపడింది. పడుకుని, ఈ మాట నేను ముందే విన్నానే అని నిన్ను నువ్వు పట్టుకున్నావు చూడు, అక్కడ. చాలామంది గురువులు ఆ మాట తమకి తాము కూడా చెప్పుకోరు. నువ్వు అడిగే మెట్టు నువ్వే ఎక్కేసినట్టున్నావు, ఆ 21 రోజుల శిక్షణలో వాళ్ళు దాన్ని చెడగొట్టడమే నేర్పుతారు.

ఉదయగిరి_పెద్దమ్మ:

పెన్నాతీరం చెప్పింది బాగుంది. కానీ నాయనా, కొలుపుల్లో వచ్చిన అమ్మని అడ్డంకి అనొద్దు. మా మామ పలికినప్పుడు ఊర్లో మాటల్లేని అన్నదమ్ములు అక్కడే చేతులు పట్టుకునేవాళ్ళు. అది ఆయన ఎదుగుదల కోసం కాదు, ఊరి కోసం.

పెన్నాతీరం:

ఒప్పుకుంటున్నా పెద్దమ్మా. నేను ఒక్కడి సాధన గురించే ఆలోచించా, ఊరి సంగతి నాకు తట్టలేదు.

అల్లూరు_అమ్మాయి:

అందరికీ పేరు పేరునా థ్యాంక్స్. నాలుగు రోజులుగా ఏం రాయాలో తెలియక ఊరికే ఉండిపోయినా.

నర్సక్కా, మా అత్తని అడిగినా, ఒళ్ళు బిగుసుకోలేదంట, నాలుక కరుచుకోలేదంట. మీరు చెప్పిన మిగతావి ఏవీ లేవు, అయినా 14416కి ఫోన్ చేసి మాట్లాడినా, మనసు కాస్త తేలికపడింది. శిక్షణ వాళ్ళ నంబర్ బ్లాక్ చేసినా.

నిన్న ఆ ఇంటికి పోయినా. ఆమె వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తా ఉంది, నన్ను చూసి చెప్పులిప్పి చేతులు జోడించింది. నేను ఆమె చేతులు దించేసి, పక్కనే చాప మీద కూచుని, ఆ రోజు చెప్పింది అమ్మ కాదు పిన్నీ, మా అమ్మ ఫోన్‌లో మాట్లాడుతుంటే నేను విన్న మాట, అది నిజమో కాదో కూడా నాకు తెలీదు, మీరే విచారించుకోండి అని చెప్పినా. ఆమె చాలాసేపు మాట్లాడలా. మిరపకాయలు అటూ ఇటూ సర్దుతా ఉంది. తర్వాత "మరి కొలుపుల్లో పలికింది?" అనింది. అది నాకు గుర్తులేదు పిన్నీ, అది మాత్రం నేను కాదు అన్నా.

లోపల్నుంచి ఆ పిల్ల మజ్జిగ తెచ్చి ఇచ్చింది, నా కళ్ళల్లోకి చూడలా. తాగి, గ్లాసు నేనే కడిగి పెట్టి వచ్చినా. మా నాయన ఈ ఆదివారం నుంచి ఇంటికొచ్చేవాళ్ళకి కొలుపుల దాకా ఏమీ లేదని చెప్తానన్నాడు.