సముద్రం అడుగు మట్టితో పాతకాలం వానలు ఎలా చెప్తారు?

శెనక్కాయ_చేను (అనంతపురం): అరేబియా సముద్రం అడుగు నుంచి గొట్టంతో మట్టి తీసి పదివేల ఏళ్ల కింద నైరుతి ఎంత బలంగా ఉండేదో చెప్పేస్తారంట. మా మండలంలో పోయినేడు ఎంత పడిందో అడిగితేనే తలా ఒక లెక్క చెప్తారు, మరి వీళ్లకు ఆ బురదలో ఏం కనిపిస్తుంది? మన సీమ కరువులు కూడా అందులో తేలతాయా?

పెన్నా_ఒడ్డు (కడప): చూసేది అందులోని పెంకుల్ని అన్నా. ఫొరామినిఫెరా అని ఇసుక రేణువంత జీవులుంటాయి, చచ్చాక వాటి పెంకులు అడుక్కి చేరి పేరుకుంటాయి. నైరుతి గాలి గట్టిగా వీస్తే ఒమన్ తీరంలో పైనీళ్లు పక్కకు జరిగి లోపలి చల్లటి నీళ్లు పోషకాలతో సహా పైకొస్తాయి, గ్లోబిజెరినా బులాయిడిస్ అనే రకం అప్పుడే విపరీతంగా పెరుగుతుంది. దాని పెంకులు ఎక్కువున్న పొర అంటే గాలి బలంగా ఉన్న కాలం. వయసేమో రేడియోకార్బన్‌తో (పెంకుల్లో కాలంతో పాటు తరిగిపోయే ఒక రకం కార్బన్ ఎంత మిగిలిందో చూసి) కడతారు, సుమారు 50 వేల ఏళ్ల దాకా.

రాళ్లసీమోడు: అది గాలి లెక్క, వాన లెక్క కాదు! మనకు వేరే చెప్పాలా, జూన్, జూలైలో రామగిరి గాలిమరలు గిరగిరా తిరుగుతుంటాయి, చేన్లో చుక్క పడదు, పడమటి కనుమలు దాటేసరికి ఆ గాలిలో తడి సగం పోయుంటుంది. ఒమన్ పెంకులు చూసి ఇక్కడ వానలు బాగా పడ్డాయంటే నేను నమ్మను. వానకు బంగాళాఖాతమే చూడాలి. 2006లో గోదావరి కలిసే చోటికి ఎదురుగా సముద్రంలో తీసిన కోర్‌లో (గొట్టంతో తీసిన మట్టి కడ్డీలో) నది మోసుకొచ్చిన ఆకుల మైనం దొరికింది. ఎండకు ఓర్చే గడ్డికి, చెట్లకు అందులోని కార్బన్ ఐసోటోపులు (బరువులో తేడా ఉండే కార్బన్ రకాలు) తేడాగా ఉంటాయి. సుమారు 4000 ఏళ్ల కింద నుంచి 1700 ఏళ్ల కింద దాకా ఎండను ఓర్చే మొక్కలు మెల్లమెల్లగా పెరిగి, తర్వాత అట్లే నిలిచిపోయాయని తేలింది.

శెనక్కాయ_చేను: మరి 1876-78 ధాత కరువు?

పెన్నా_ఒడ్డు: రెండు మూడేళ్ల కరువు దొరకడం కష్టం, అడుగున పురుగులు మట్టిని కలిపేస్తుంటాయి. పాకిస్తాన్ తీరంలో ఆక్సిజన్ చాలని లోతుల్లో పురుగులుండవు, పొరలు చెదరవు, కానీ అది మన వాన కాదు కదా.

బనగానపల్లె_మామిడి: పాత కర్నూలు జిల్లా వాల్మీకి గుహలో స్టాలగ్మైట్ (పైనుంచి నీటి చుక్కలు పడి గుహ నేల మీద పొరలు పొరలుగా పెరిగే సున్నపు స్తంభం) మీద పని జరిగింది, అదీ 15 వేల ఏళ్ల నాటి సంగతే. ఇంకోటి, మా పక్కన జ్వాలాపురంలో తెల్లటి బూడిద పొర ఉంది, సుమారు 74 వేల ఏళ్ల కింద సుమత్రాలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు వచ్చి పడింది. అదే బూడిద బంగాళాఖాతం కోర్లలోనూ తగులుతుంది, రేడియోకార్బన్ అందని లోతు పొరలకు తేదీ వేయడానికి అదీ ఒక ఆధారం.