కలర్ నెగటివ్ ఇంట్లో కడగడం: మన చేతనవుతుందా?

ప్రశ్న:
నలుపు-తెలుపు రీళ్లు నేనే కడుక్కుంటాను. కలర్ కూడా మొదలుపెడదామంటే "సీ-41 (కలర్ నెగటివ్ కడిగే పద్ధతి) జోలికి పోకు, వేడి కాస్త తప్పినా రీలు పోయినట్టే" అని తెలిసినవాళ్లు ఆపుతున్నారు. నిజంగా అంత కష్టమా?

మొదటి జవాబు:
వాళ్లన్నది ఉత్తమాట కాదండీ. డెవలపర్ (ఫిల్ము మీద బొమ్మను తేల్చే మందు) 37.8 డిగ్రీల సెల్సియస్ దగ్గర 3 నిమిషాల 15 సెకన్లు ఉండాలి. ఫిల్ములో మూడు రంగుల పొరలుంటాయి. వేడి తప్పితే మూడూ ఒకే తీరున తేలవు. నీడలు ఒక రంగుకీ, వెలుగులు ఇంకో రంగుకీ తిరుగుతాయి, స్కాన్ చేశాక ఎంత సవరించినా అది పూర్తిగా పోదు. పెళ్లి ఫోటోలు మళ్లీ తీయలేం కదా. ల్యాబ్‌కే ఇవ్వండి.

రెండో జవాబు:
పొరల సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆ పట్టింపంతా డెవలపర్ ఉన్న మూడుంపావు నిమిషాలకే. తర్వాత ఫిల్ములోని వెండిని తీసేసే మందులు బ్లీచ్, ఫిక్స్ కాస్త ఎక్కువసేపు ఉన్నా నష్టం లేదు. వెడల్పాటి టబ్బులో వేడినీళ్లు పోసి మందుల సీసాలూ, రీలు ఉండే ట్యాంకూ అందులో నిలబెట్టండి. డెవలపర్ పోసేముందు అదే వేడి నీళ్లు ట్యాంకులో నింపి పారబోయండి. చల్లటి ట్యాంకులో పోస్తే వేడి ఇట్టే దిగిపోతుంది. థర్మామీటర్ టబ్బులో కాదు, డెవలపర్ సీసాలోనే పెట్టి చూడాలి.

నా మూడో రీలు బూడిద పూసినట్టు మసగ్గా వచ్చింది. వేడి తప్పిందనే అనుకున్నాను. తీరా చూస్తే బ్లీచ్, ఫిక్స్ కలిపి ఉండే బ్లిక్స్ నీరసించి, వెండి ఫిల్ములోనే మిగిలిపోయింది. కొత్త బ్లిక్స్ కలిపి, పట్టపగటి వెలుతురులోనే మళ్లీ ముంచితే రంగులు తేటపడ్డాయి. అప్పటినుంచి బ్లీచ్, ఫిక్స్ విడివిడిగా ఉన్న కిట్టే వాడుతున్నాను.

మొదటి జవాబు ఇచ్చినవారు:
మరి వాడేసిన ఫిక్సర్‌లో వెండి కరిగి ఉంటుంది. తూములో పోస్తారా?

రెండో జవాబు ఇచ్చినవారు:
పోయకూడదు. డబ్బాలో పోగుచేసి, రసాయన వ్యర్థాలు తీసుకునేచోట ఇస్తాను. చేతికి గ్లవ్స్ కూడా తప్పనిసరి, కలర్ డెవలపర్ కొందరి చర్మానికి పడదు. ఇంకోమాట, నెలకొక రీలు తీసేవాళ్లకు కిట్టు దండగ. కలిపిన డెవలపర్‌కు గాలి తగిలితే రంగు మారి చచ్చిపోతుంది. ఏడెనిమిది రీళ్లు కూడబెట్టుకుని ఒకేసారి కడగండి.

ప్రశ్న అడిగినవారు:
అయితే ఒకే వెలుతురులో ఒకే దృశ్యం రెండు రీళ్ల మీద తీస్తాను. ఒకటి ల్యాబ్‌కి, ఒకటి టబ్బులోకి. నెగటివ్‌లు రెండూ పక్కపక్కన పెట్టి ఇక్కడే చూపిస్తాను.