గోదాం ప్రాజెక్టుకి రిస్క్ రిజిస్టర్ అడిగారు, 60 వరుసలు నింపాను. ఇది సైట్‌లో ఎవరికైనా పనికొస్తుందా?

డెల్టా_ప్లానర్

అందరికీ నమస్తే. చిన్న కాంట్రాక్టు సంస్థలో ప్లానింగ్ చూస్తాను. గుడివాడ దగ్గర ఒక ధాన్యం వ్యాపారికి పీఈబీ (ఫ్యాక్టరీలో తయారైన స్టీలు భాగాలు తెచ్చి బిగించే) షెడ్డు గోదాం, పక్కన చిన్న ఆఫీసు గది, చుట్టూ కాంపౌండు గోడ కట్టాలి. మే మొదటి వారంలో పని మొదలు, ఖరీఫ్ ధాన్యం రావడం మొదలయ్యేలోపు, అంటే నవంబరు ఆఖరుకి అప్పజెప్పాలి. లేటయితే వారానికి అరశాతం చొప్పున బిల్లులో కోత, గరిష్ఠంగా ఐదు శాతం దాకా. పార్టీకి, అంటే ఆ వ్యాపారికి, బ్యాంకు లోను ఉంది కాబట్టి వాళ్ల కన్సల్టెంటు రిస్క్ రిజిస్టర్ (పనిలో రాగల ఇబ్బందులు, వాటికి చేయాల్సిన చర్యల పట్టిక) ఇమ్మన్నాడు.

నెట్‌లో దొరికిన ఎక్సెల్ టెంప్లేట్ పట్టుకుని 60 వరుసలు నింపాను. వర్షం, కూలీల కొరత, స్టీలు ధర, డ్రాయింగుల ఆలస్యం, ప్రమాదాలు, దొంగతనం, చివరికి భూకంపం కూడా ఉంది. ఒక్కోదానికి అవకాశం ఎంత, దెబ్బ ఎంత అని ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేసి గుణించాలి, ఎరుపు పసుపు ఆకుపచ్చ రంగులు దానంతటవే వస్తాయి. చర్య అనే కాలమ్‌లో సగం వరుసలకి టెంప్లేట్‌లోనే ‘నిశితంగా గమనించాలి’ అని ఉంది. మా బాస్ చూసి బాగుంది పంపించెయ్ అన్నారు, కన్సల్టెంటూ ఏమీ అనలేదు.

కానీ జూన్‌లో వాన దంచి కొడుతుంటే ఈ షీట్ తెరిచి మా సైట్ ఇంజనీరు ఏం చేస్తాడో నాకు అర్థం కావట్లేదు. వీటిలో నిజంగా పట్టించుకోవాల్సినవి ఎలా తేల్చుకోవాలి? విడిగా ఎంత డబ్బు పక్కన పెట్టాలి? బాస్ అయితే ‘ఇన్సూరెన్స్ తీసుకుందాం, అదే చాలు’ అంటున్నారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సైట్_పెద్దాయన

మీరు తమ్ముడో చెల్లెమ్మో తెలీదు కానీ అడగాల్సిందే అడిగారు. ముందుగా ఆ ‘వర్షం’ అనే వరుస తీసేయండి. కృష్ణా జిల్లాలో జూన్ నుంచి వాన పడటం రిస్క్ ఏమిటండీ, అది క్యాలెండర్. ఖాయంగా జరిగేదాన్ని షెడ్యూల్‌లో పెట్టుకోవాలి, రిజిస్టర్‌లో కాదు. అసలు రిస్క్ ఏమిటంటే వాన వచ్చే నాటికి మీ పునాది గోతులు తెరిచి ఉండటం. అవి ఎందుకు తెరిచి ఉంటాయి? పీఈబీ కంపెనీ వాళ్లు కాలమ్ లోడ్లు (స్తంభాల మీద పడే బరువులు), యాంకర్ బోల్టుల (స్తంభాన్ని పునాదికి పట్టి ఉంచే బోల్టుల) ప్లాను ఇచ్చేదాకా మీ డిజైనరు ఫుటింగ్ (పునాది దిమ్మ) సైజు ఖరారు చేయలేడు. వాళ్లు అడ్వాన్సు పడందే డ్రాయింగు మొదలుపెట్టరు. మీ పార్టీ లోను మొదటి విడత రాందే అడ్వాన్సు కట్టడు. చూశారా, మీ షీట్‌లో వర్షం ఒక చోట, డ్రాయింగులు ఇంకో చోట, పార్టీ చెల్లింపులు మరో చోట ఉండి ఉంటాయి, కానీ సైట్ మీదికి వచ్చేటప్పటికి మూడూ ఒకటే.

కాబట్టి ఒక్కో రిస్క్‌ని ‘ఇందువల్ల, ఇలా జరగొచ్చు, జరిగితే ఇంత నష్టం’ అని పూర్తి వాక్యంగా రాయండి. కారణం రాస్తే చేయాల్సిన పని అందులోనే కనపడుతుంది. మీ విషయంలో ఆ పని వానతో సంబంధం లేనిది: డ్రాయింగుల వరకు అయ్యే డబ్బు విడిగా మాట్లాడుకుని ఇప్పుడే కట్టించేయడం. మొత్తం ఆర్డరు అడ్వాన్సుతో పోలిస్తే అది చిన్న మొత్తం, గట్టిగా అడిగితే ఒప్పుకునే కంపెనీలు ఉన్నాయి.

ఇక పని వరస మార్చుకోండి. మన దగ్గర చాలామంది ఫుటింగులు, ప్లింత్ (పునాది పైన అరుగు), ఫ్లోరింగు అన్నీ అయ్యాక షెడ్డు లేపుతారు. మీరు ఫుటింగులు, పెడస్టల్స్ (వాటి మీద పొట్టి దిమ్మెలు) అవ్వగానే కాలమ్స్ లేపి పైన షీట్లు వేసేయండి. జులై ఆగస్టుల్లో ఎంత వాన పడ్డా ఫ్లోరింగు పని కప్పు కింద నడుస్తుంది. గోతులు కూడా జేసీబీ వచ్చింది కదా అని అన్నీ ఒకేసారి తవ్వించకండి, ఆ వారంలో కాంక్రీటు వేయగలిగినన్నే తవ్వించండి. నల్లరేగడి గోతిలో ఒక రాత్రి నీళ్లు నిలిచాయంటే మోటారు పెట్టి తోడాక కూడా అడుగు మెత్తబడిపోయి ఉంటుంది. ఆ బురదంతా తీసి మళ్లీ పీసీసీ (అడుగున సాదా కాంక్రీటు పొర) వేయాలి. లారీ లోపలికి వచ్చే దారికి గ్రావెల్ తోలించడం మేలోనే అయిపోవాలి, లేదంటే రెడీమిక్స్ బండి రోడ్డు మీదే ఆగిపోతుంది.

యాంకర్ బోల్టుల గురించి ఒక మాట, ఎందుకంటే మీ 60లో ఇది ఉండదని నా నమ్మకం. బోల్టులు టెంప్లేట్ ప్లేటుకి (వాటి స్థానాల్లో రంధ్రాలున్న ప్లేటుకి) బిగించి, కాంక్రీటు పోసే ముందు ఒకసారి, పోసిన వెంటనే ఇంకోసారి టోటల్ స్టేషన్‌తో (సర్వే పరికరంతో) చూడాలి. వైబ్రేటర్ తగిలి బోల్టు కదిలితే అప్పటికప్పుడు సరిచేయొచ్చు, గట్టిపడ్డాక మాత్రం కాలమ్ బేస్‌ప్లేటు కూర్చోదు, క్రేను అద్దె మీటరు తిరుగుతూనే ఉంటుంది. దీనికి ఖర్చు ఒక సర్వేయరు పూట కూలి.

కోడ్_కాఫీ_బెంగళూరు

నాది ఐటీ, కానీ రిస్క్ గోల అన్నిచోట్లా ఒకటే. పీఎంపీ (ప్రాజెక్టు మేనేజర్ల సర్టిఫికెట్) పరీక్షకి చదివినవాళ్లకి గుర్తుంటుంది, దాని గైడ్ పుస్తకం పీఎమ్‌బాక్ ఆరో ఎడిషన్‌లో ముప్పుకి ఐదు రకాల స్పందనలు ఉంటాయి: అసలు రాకుండా తప్పించుకోవడం, తగ్గించుకోవడం, ఇంకొకరి మీదికి బదలాయించడం, తెలిసే భరించడం, మన చేతిలో లేనిదైతే పైవాళ్లకి అప్పజెప్పడం. పెద్దాయన చెప్పిన వరస మార్చడం తప్పించుకోవడం కిందికి వస్తుంది, బోల్టుల చెకింగు తగ్గించుకోవడం. ‘నిశితంగా గమనించడం’ ఈ ఐదింటిలో ఎక్కడా లేదు, గమనించండి. భరించడం కూడా న్యాయమైన సమాధానమే, మీ భూకంపం వరుసకి అదే రాసి వదిలేయొచ్చు, డిజైన్‌లో భవన నిర్మాణ కోడ్ ప్రకారం ఎలాగూ లెక్కలోకి తీసుకుంటారు.

ఆ గుణకారం మీద నాకు ఎప్పటినుంచో కోపం. అవకాశం 5, దెబ్బ 1 అయినా ఐదే, అవకాశం 1, దెబ్బ 5 అయినా ఐదే. రోజూ ఒక మేస్త్రి రాకపోవడం, ఎప్పుడో ఒకసారి గాలికి షెడ్డు ఫ్రేము పడిపోవడం ఒకే రంగులోకి వస్తాయి! మొదటిదానికి నలుగురిని ఎక్కువ మాట్లాడుకుంటే సరిపోతుంది, రెండోదానికి మనుషులు పోతారు. ఆ రంగుల మార్కుల పట్టిక (మ్యాట్రిక్స్) పార్టీకి చూపించడానికి ఉంచుకోండి, నిర్ణయాలు మాత్రం దాన్ని చూసి తీసుకోకండి.

ముఖ్యమైనవి తేల్చుకోవడానికి గేరీ క్లైన్ అనే సైకాలజిస్టు 2007లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన ప్రీమార్టమ్ పద్ధతి వాడి చూడండి. సైట్ ఇంజనీరు, మేస్త్రి, స్టోర్స్ అబ్బాయి, మీ బాస్‌ని ఒక గంట కూర్చోబెట్టి, ‘డిసెంబరు వచ్చింది, గోదాం సగమే అయింది, పార్టీ తిడుతున్నాడు, ఎందుకిలా అయిందో ఎవరికి వారు చీటీ మీద రాయండి’ అనండి. ‘ఏమైనా సమస్యలు రావచ్చా’ అని అడిగితే బాస్ ముందు ఎవరూ నోరు విప్పరు, ‘ఇప్పటికే చెడిపోయింది, ఎందుకు’ అని అడిగితే రాస్తారు. ముందు చీటీలు అన్నీ తీసుకున్నాకే చర్చ, లేదంటే మొదట మాట్లాడినవాడి మాటే అందరి మాట అవుతుంది.

గోదారిగట్టు

నేను భద్రాచలం వైపు మనిషిని కాబట్టి ట్రిగ్గర్ (చర్య మొదలుపెట్టాల్సిన గుర్తు) గురించి మాత్రం చెప్తాను. మా దగ్గర గోదావరి 43 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అంకె ముందే ఖాయం చేసి పెట్టారు కాబట్టి ఆ రోజు ‘ఇప్పుడు చెప్పాలా, ఇంకాసేపు చూద్దామా’ అని ఎవరూ కూర్చుని చర్చించుకోరు. 2022 జులైలో నీళ్లు 71 అడుగులు దాటినప్పుడు కూడా మొదటి హెచ్చరిక 43 దగ్గరే వచ్చింది. మీ షీట్‌లో కూడా ఒక్కో రిస్క్‌కి అలాంటి అంకె గానీ తారీకు గానీ ఉండాలి. ‘డ్రాయింగులు లేటయితే’ అని రాస్తే లాభం లేదు, ‘ఏప్రిల్ 20 సాయంత్రానికి బోల్ట్ ప్లాను మెయిల్‌లో రాకపోతే’ అని రాయండి. పక్కన ఫోన్ ఎవరు చేస్తారో పేరు పెట్టండి. ప్రాజెక్ట్ టీమ్ అని రాస్తే ఎవరూ చేయరు.

పాలసీ_పాపారావు

‘ఇన్సూరెన్స్ తీసుకుంటే చాలు’ అనే మాట విన్నప్పుడల్లా నాకు బీపీ పెరుగుతుంది, ఈ వ్యాపారంలోనే ఉన్నా కూడా.

మీరు తీసుకునేది కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీ అనుకుంటా. పేరులో ‘ఆల్’ ఉన్నా, కడుతున్న నిర్మాణానికి, సామానుకి భౌతికంగా జరిగిన నష్టం వరకే అది ఇస్తుంది. పని లేటయినందుకు పార్టీ కోసుకునే ఐదు శాతం మామూలు పాలసీలో రాదు. తప్పు డిజైన్ సరిచేసే ఖర్చు రాదు. తుపాను, వరద లాంటివాటికి ఎక్సెస్, అంటే మీరు సొంతంగా భరించాల్సిన భాగం, మామూలు నష్టాల కంటే ఎక్కువగా ఉంటుంది. చిన్న ప్రాజెక్టులో నష్టం మొత్తం ఆ ఎక్సెస్‌లోనే మునిగిపోవచ్చు, కాబట్టి సంతకం పెట్టే ముందు ఆ అంకె చూడండి. ఇంకోటి, షీట్లు, బోల్టులు ఎక్కడ ఎలా నిల్వ చేశారో ఫొటోలు, స్టాక్ రిజిస్టరు లేకపోతే ఇన్సూరెన్స్ సర్వేయరు వచ్చినప్పుడు మీ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. పాలసీ వద్దనట్లేదు, తప్పక తీసుకోండి, కానీ అది డబ్బు నష్టంలో కొంత భాగాన్నే బదలాయిస్తుంది, తారీకుని కాదు.

కాంట్రాక్టులో ఫోర్స్ మజూర్ క్లాజు (మన చేతిలో లేని విపత్తులకి మినహాయింపు) కూడా చదవండి. మామూలు వానాకాలం వాన దాని కిందికి రాదని పార్టీ లాయరు వాదిస్తాడు, గెలుస్తాడు కూడా. తుపానుకి గడువు పెంచుతారు, అదనపు డబ్బు మాత్రం చాలా కాంట్రాక్టుల్లో ఉండదు. అది కూడా ఇన్ని రోజుల్లో లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలని ఉంటుంది, వాట్సాప్‌లో ‘సర్ రెయిన్’ అని పెడితే కుదరదు.

మిర్చియార్డు

ఇదంతా పెద్ద కంపెనీల తతంగం అన్నా. మా నాన్న నలభై ఏళ్లు కాంట్రాక్టులు చేశాడు, ఏ రిజిస్టరూ లేదు. కొటేషన్‌లో పది శాతం ఎక్కువేసుకో, తారీకు నెల ఆలస్యంగా చెప్పు, అయిపోయింది.

కోడ్_కాఫీ_బెంగళూరు

మిర్చియార్డు బ్రో, మీ నాన్నగారి బుర్రలోనే రిజిస్టరు ఉంది, ఆయన ఏ నెలలో ఏ పని మొదలుపెట్టేవారో అడిగి చూడండి. పది శాతం అన్నదే నాకు పేచీ. కొటేషన్లు పోటీలో ఉన్నప్పుడు మొదట ఎగిరిపోయేది కారణం చెప్పలేని ఆ పది శాతమే. డెల్టా_ప్లానర్ గారి బాస్ కూడా అందుకే విడిగా డబ్బు పెట్టకుండా ఇన్సూరెన్స్ చాలంటున్నారు అనుకుంటా. అదే, ఉదాహరణకి, ‘పునాదులు జూన్‌లోకి జారితే నీళ్లు తోడటం, తవ్విందే తవ్వడం, ఖాళీ కూలీలు కలిపి 6 లక్షలు, అలా జరిగే అవకాశం మూడోవంతు, కాబట్టి 2 లక్షలు’ అని చెప్తే తీసెయ్యమనడం కష్టం. పైగా ఆ 2 లక్షల కంటే తక్కువలో డ్రాయింగులు ముందుగా తెప్పించుకోగలిగితే, తెప్పించుకోవడమే లాభం అని లెక్కే చెప్తుంది.

ఒక్క జాగ్రత్త. అలా వచ్చిన అంకెలన్నీ కూడి ఇదే మన నిధి అనుకోకండి. ఇవి విడివిడిగా రావు. వానాకాలంలో నదిలో ఇసుక తవ్వకం ఆపేస్తారు, స్టాక్ యార్డుల్లో ఉన్నదే గతి, అదే సమయంలో వరి నాట్లకి స్థానిక కూలీలు పొలాలకి వెళ్తారు, అదే సమయంలో దారి బురద. ఒకటి వస్తే మిగతావన్నీ వస్తాయి. అందుకని ‘అన్నీ ఒకే నెలలో పడితే ఎంత’ అనేది కూడా విడిగా ఒకసారి వేసుకుని, ఆ దెబ్బకి సంస్థ తట్టుకుంటుందా అని బాస్‌ని అడగండి.

డెల్టా_ప్లానర్

అందరికీ చాలా థాంక్స్. చీటీల పద్ధతి నిన్న చేశాం. స్టోర్స్ అబ్బాయి రాసినది ఎవరికీ తట్టలేదు: సైట్‌కి శాశ్వత కరెంటు కనెక్షన్‌కి ఇంకా అప్లికేషనే పెట్టలేదు, ట్రాన్స్‌ఫార్మర్ రాకపోతే గోదాం కట్టినా అప్పజెప్పలేం. అప్లై చేయాల్సింది పార్టీ కాబట్టి కన్సల్టెంటు ద్వారా పైకి పంపేశాం.

60 వరుసల షీట్ బ్యాంకుకి అలాగే ఉంచి, సైట్‌కి ఒక పేజీ విడిగా చేశాను. మొదటిది ఇలా ఉంది: “పీఈబీ అడ్వాన్సు ఆలస్యం వల్ల బోల్ట్ ప్లాను రాక పునాదులు జూన్ 10 దాటొచ్చు, ట్రిగ్గర్ ఏప్రిల్ 20, బాధ్యత నాది, ముందే చేసేది డ్రాయింగుల ఫీజు కట్టడం, అయినా రాకపోతే కాంపౌండు గోడ, దారి పనులు ముందుకి జరిపి గోతులు తవ్వకుండా ఆపడం.” ఇలా వాక్యం సరిపోతుందా? ఇంకో డౌటు, షెడ్డు ముందు లేపేస్తే కొత్త రిస్క్ ఏమైనా వస్తుందా?

సైట్_పెద్దాయన

వాక్యం బాగుంది. ‘తవ్వకుండా ఆపడం’ అనేది బాస్ చేత ఇప్పుడే ఒప్పించి పెట్టుకోండి. ఆ రోజు పార్టీ వచ్చి ‘పని కనపడట్లేదు’ అని అరిస్తే ఆయనే జేసీబీ పిలిపిస్తాడు.

షెడ్డు ముందు లేపితే కొత్త రిస్క్ వస్తుంది, గాలి. మొదటి బే (రెండు ఫ్రేముల మధ్య భాగం) పూర్తిగా నిలబెట్టి బ్రేసింగ్ (ఫ్రేములు ఊగకుండా పట్టే అడ్డ కడ్డీలు) బిగించాకే రెండో బేకి వెళ్లాలి, సగం బ్రేసింగ్‌తో ఫ్రేములు వరసగా నిలబెట్టి రాత్రికి వదిలేయకూడదు. పైన షీట్లు వేసి పక్కల మూయకుండా ఉంటే గాలి లోపల దూరి కప్పుని పైకి లేపుతుంది, ఆ దశలో డిజైన్ తట్టుకుంటుందో లేదో పీఈబీ వాళ్ల చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. షెడ్డు పక్కలకి షీట్లు వేసే పని (క్లాడింగు) అక్టోబరులోకి జారితే ఇది తుపాన్ల కాలం కూడా అవుతుంది. 2023లో మిచౌంగ్ డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది కాబట్టి నవంబరు అయిపోయింది కదా అనుకోవడానికి లేదు. వాతావరణ శాఖ సైక్లోన్ అలర్ట్ దాదాపు 48 గంటల ముందు ఇస్తుంది, అదే మీ ట్రిగ్గర్: అలర్ట్ మన తీరానికి వచ్చిన గంటలో పైన విడిగా ఉన్న షీట్లన్నీ కిందికి దించి కట్టేయాలి, సగం స్క్రూలు వేసిన షీట్లకి మిగతావి వేసేయాలి, క్రేను బూమ్ దించాలి. ఆ పని ఫోర్‌మన్ పేరు మీద రాయండి. తాళ్లు, అదనపు స్క్రూల డబ్బాలు సెప్టెంబరులోనే కొని స్టోర్‌లో విడిగా పెట్టించండి, అలర్ట్ వచ్చాక గుడివాడలో హార్డ్‌వేర్ షాపులో తాడు దొరకదు.