నల్లరేగడిలో బల్బు పైల్స్: ఊచలు ఎంత లోతుదాకా?

ప్రశ్న: ఒంగోలు దగ్గర శనగ పండే నల్లరేగడి చేను. మూడు మీటర్లు తవ్వినా రేగడే. ఎండాకాలం నెర్రెల్లో చెయ్యి మోచేతిదాకా దిగుతుంది. గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికి 300 మి.మీ. వ్యాసం పైల్ (గుంత తవ్వి కాంక్రీటు పోసే పునాది స్తంభం), 3.5 మీటర్ల లోతు, అడుగున 750 మి.మీ. బల్బు (గుంతను వెడల్పు చేసిన భాగం), నాలుగు 12 ఎంఎం ఊచలు అనుకున్నాం. బరువంతా కిందికే కాబట్టి ఊచలు పైనుంచి మీటరున్నర చాలంటున్నాడు మేస్త్రి. పైల్స్ తలలను కలిపే గ్రేడ్ బీమును కింద ఇసుక పరిచి పోస్తాడట. సరేనా అండీ?

జవాబు 1: రెండూ తప్పేనండి. అక్టోబరు, నవంబరు వానలకు రేగడి ఉబ్బి పైల్‌ను చుట్టూ పట్టుకుని పైకి లాగుతుంది, బల్బేమో కదలనివ్వదు. చుట్టుకొలత 0.94 మీటర్లు, పై 2.5 మీటర్ల మట్టి ఉబ్బితే 2.36 చదరపు మీటర్ల పట్టు. చదరపు మీటరుకు 3.5 టన్నులు వేసుకున్నా (అసలు అంకె సాయిల్ రిపోర్టులోంచి తీసుకోండి) 8 టన్నుల పైమాటే. ఊచలు ఎక్కడ ఆగితే అక్కడే పైల్ అడ్డంగా తెగుతుంది. నాలుగూ బల్బు అడుగుదాకా దించాలి, ఊచల చుట్టూ 50 మి.మీ. కాంక్రీటు కవరుతో.

పైల్స్‌కు సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 2911 మూడో భాగం, 1980 నాటి పట్టికలో ఈ సైజు పైల్ తట్టుకునే పైకి లాగుడు 8 టన్నులే. గోడలు లేచి పైన బరువు పడ్డాక ఫర్వాలేదు. బరువు పడకముందే వానలొస్తే చిక్కు. బరువు తక్కువ పడే పోర్టికో స్తంభాలకైతే ఎప్పుడూ చిక్కే.

జవాబు 2: బీముకూ నేలకూ మధ్య కనీసం 80 మి.మీ. ఖాళీ ఉండాలి. ఇసుక పరిస్తే ఆ ఖాళీ పోయినట్టే, పైగా అందులో నీళ్లు నిలిచి రేగడిని ఇంకా నానబెడతాయి. బీము అడుగున పెట్టిన షట్టరింగ్ కూడా తర్వాత లాగెయ్యాలి, చాలామంది వదిలేస్తారు.

జవాబు 3: గుంత మూతి దగ్గర కాంక్రీటు గొడుగులా పరుచుకోనివ్వకండి, మట్టి ఆ అంచు కిందనుంచే ఎత్తుతుంది. మూతికి రేకు కాలర్ పెట్టించండి. బల్బు నిజంగా తవ్వారో లేదో పట్టిన కాంక్రీటే చెబుతుంది: తిన్నటి గుంతకు 0.25 ఘనపు మీటర్లు, బల్బుతో కలిపి సుమారు 0.32. పావు ఘనపు మీటరుకే నిండిపోయిందంటే బల్బు లేనట్టే, లేదా బల్బు గుంత పైభాగం విరిగి మట్టితో పూడిపోయినట్టు.

ప్రశ్న వేసినవారు: పై రెండు మీటర్లూ పాలిథీన్ చుడితే పట్టు తగ్గదా?

జవాబు 1: తగ్గుతుంది. రెండు పొరలు, మధ్యలో గ్రీజు. పోర్టికో పైల్స్‌కు తప్పకుండా చెయ్యండి, మిగతావాటికి ఊచలు పూర్తిగా దిగితే చాలు.